కుర్చీలోంచి వినిపించిన మాట

జగ్గారావు రోజూ పొద్దున్న లేవగానే మంచం దిగకుండా ఒక పని చేస్తాడు. కుడి చెవి పక్కన బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి రెండుసార్లు రాస్తాడు. తరవాత ఎడమ చెవి పక్కన. పొడి చర్మం రాసుకునే ఆ చిన్న సవ్వడి వినిపిస్తే ఆ చెవి ఇంకా పనికొస్తున్నట్టు. ఎడమ చెవికి అది వినిపించక ఆరేళ్ళు దాటింది. అయినా ఎడమ చెవిని వదిలెయ్యడు. వినిపించలేదని తేల్చుకున్నాకే లేచి మొహం కడుక్కుంటాడు.

మైకు సెట్ల పని చేసేవాళ్ళకి ఏదో ఒక చెవి ముందుగా పోతుంది. ఏది పోతుందన్నది వేదికకి ఏ పక్కన కూర్చోవడం అలవాటో దాన్ని బట్టి ఉంటుంది. జగ్గారావు ఇరవై నాలుగేళ్ళపాటు ఒకే పక్కన, మెట్ల కింద కూర్చున్నాడు. పెద్ద స్పీకర్లు అతని ఎడమ చెవికి మూరెడు దూరంలో ఉండేవి.

అతని తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి, మావాళ్ళు టాటా అనే ఈ ఉక్కు ఊరికి వచ్చి టాటానగర్ గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు. పిల్లలిద్దరు. పెద్దది పైడితల్లి, తరవాత జగ్గారావు. తల్లి తొందరగా పోవడంతో పదేళ్ళ పైడితల్లే వంట చేసి, తమ్ముడికి తల దువ్వి బడికి పంపేది. మా వైపు అక్కని ‘అప్ప’ అంటారు. జగ్గారావు ఆమెని ఆ పిలుపు తప్ప పేరుతో పిలవగా ఎవరూ వినలేదు.

పదో తరగతితో చదువు ఆగిపోయాక అతను ఊళ్ళోనే జుగ్సలాయి పేటలో ఒక సౌండు షాపులో చేరాడు. ఇరవై ఏడో ఏట సొంత సెట్టు పెట్టుకున్నాడు. మాంగో వంతెన దాటాక నది ఒడ్డున ఉన్న మా బస్తీలో, తన ఇంటి ముందే హారన్లు బిగించి, మొదటి మాట అప్పే మాట్లాడాలన్నాడు. పైడితల్లి మైకు పట్టుకుని, “ఏటి మాటాడాలిరా?” అంది. ఆ మాట బస్తీ అంతా మోగింది. చాలా రోజులు పిల్లలు ఆమె వెనకాల ‘ఏటి మాటాడాలిరా’ అంటూ పరిగెత్తారు. ఆమె కూడా నవ్వేది.

పెళ్ళిళ్ళు, అమ్మవారి పండగలు, యూనియను మీటింగులు, ఎన్నికల సభలు అన్నిటికీ జగ్గారావు సెట్టే వెళ్ళేది. మిగతా మైకువాళ్ళు పరీక్ష చేసేటప్పుడు హలో హలో అంటారు. ఇతను తెలుగులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టేవాడు. సాకచీలోనూ కదమాలోనూ హిందీవాళ్ళు ఆ లెక్క విని, తెలుగాయన వచ్చాడు, ఇక ఈల కొట్టదు అనుకునేవాళ్ళు. తెరిచి ఉన్న మైకు ముందు మనిషి లేకపోతే అది స్పీకరు శబ్దాన్నే మళ్ళీ పట్టుకుని చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. అందుకని జగ్గారావుకి ఒక నియమం ఉండేది. మాట్లాడేవాడు మైకు వదిలి అడుగు పక్కకి వేశాడంటే, రెండో అడుగు పడేలోపు ఆ మైకు మూతపడాలి. శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ పెట్టె మీద వేలు పెట్టుకుని, కళ్ళు వేదిక మీదే ఉంచి కూర్చునేవాడు. సభలో టీ కూడా తాగేవాడు కాదు. తీగలు చుట్టే పని భార్య సింహాచలమ్మది. మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టి, రెండేసి ముళ్ళు వేసి సంచీల్లో పెట్టేది.

ఇరవై నాలుగేళ్ళు మెట్ల కింద కూర్చుంటే మనిషికి ఉపన్యాసాల గురించి ఒక జ్ఞానం వస్తుంది. పొద్దున్న సోనారిలో, మధ్యాహ్నం మాంగోలో, సాయంత్రం స్టేషను దగ్గర ఒకే నాయకుడికి సెట్టు పెట్టినప్పుడు, మూడు చోట్లా ఆయన ఒకే చోట ఎదుటివాడి పేరు మర్చిపోవడం జగ్గారావు చూశాడు. మూడు చోట్లా ఆయన నాలిక కరుచుకుని, “అరె, నోరు జారింది” అన్నాడు. మూడు చోట్లా జనం నవ్వారు.

“నిజంగా నోరు జారినోడు మైకుకి ఎడంగా పోతాడు,” అనేవాడు జగ్గారావు టీ బండి దగ్గర. “మాట మింగేత్తాడు. అప్పుడు నేను సౌండు పెంచాలి. కావాలని జారినోడు మైకు దగ్గిరికొత్తాడు. అప్పుడు తగ్గించాలి. నా వేలికి తెలుత్తాది.”

“ఐతే నువ్వు టీవీలో కూకోవాల మావా,” అని కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు. “పెద్ద పెద్దోళ్ళు అదే విషయం మీద గంటలు గంటలు కొట్టుకుంటన్నారు.”

“టీవీలో ఆళ్ళు మూతి చూత్తారు. నేను ముల్లు చూత్తాను,” అనేవాడు. ముల్లంటే మిక్సర్ మీద శబ్దంతోపాటు కదిలే సూది.

రెండేళ్ళ కిందట ఎన్నికలొచ్చాయి. పోటీ చేసినవాళ్ళలో ఒకాయన్ని ఊరంతా భయ్యాజీ అనేవారు. ఆయన తరఫున మా తెలుగు బస్తీలు చూసుకునేది శివశంకర్. మా వాళ్ళలో కాస్త చదువుకున్నవాడు, తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. జగ్గారావుకి దూరపు వరసలో బావమరిది. మాంగోలో పెద్ద సభకి సెట్టు నీదే బావా అని చెప్పింది అతనే.

సభ నాలుగింటికి. జగ్గారావు పదింటికల్లా మైదానంలో తీగలు లాగాడు. పన్నెండింటికి శివశంకర్ వచ్చి, ఈసారి నిలబడి మాట్లాడే మైకుతోపాటు కాలరుకి తగిలించే చిన్న మైకు కూడా కావాలన్నాడు.

“భయ్యాజీకి మోకాలు నొప్పి బావా. ఉపన్యాసం అయ్యాక కూకునే పబ్లిక్‌తో మాటాడతారు. కుర్చీలోంచి గొంతు తగ్గించి మాటాడినా గేటు కాడ వినిపించాల. అవుద్దా?”

“తగ్గించి అంటే ఎంత?”

“పక్కోడితో మాటాడినట్టు.”

జగ్గారావుకి అది సవాలుగా తోచింది. కుర్చీలో మనిషి చిన్నగా మాట్లాడితే మైకుని బాగా తెరవాలి. బాగా తెరిస్తే ఈల వస్తుంది. గంటసేపు స్పీకర్లని అటూ ఇటూ తిప్పాడు. చివరికి కాలరు మైకు తానే తగిలించుకుని, ఎర్ర వెల్వెట్ కప్పిన భయ్యాజీ కుర్చీలో ఒక అంచున కూర్చుని, పక్కనున్న ఖాళీ కుర్చీతో చెప్పినట్టు, “ఒకటి, రెండు, మూడు,” అన్నాడు. రెండు వందల గజాల అవతల, గేటు దగ్గర, శివశంకర్ చెయ్యెత్తాడు. ఇంకోసారి అనమని సైగ చేశాడు. అతను ఇంకా తగ్గించి అన్నాడు. శివశంకర్ మళ్ళీ చెయ్యెత్తాడు.

ఆ మధ్యాహ్నం భోజనం పెడుతున్న భార్యతో, “గుసగుస కూడా గేటు దాకా పంపినానే, ఈ టాటాలో ఇంకెవడన్నా సెయ్యమను,” అన్నాడట. సింహాచలమ్మ ఆ మాట తరవాత ఎన్నోసార్లు తలుచుకుంది.

సభకి జనం బాగా వచ్చారు. ముందు వరసల్లో మా బస్తీలవాళ్ళు, ఒడియావాళ్ళు. వెనక, బస్సులు పెట్టి తీసుకొచ్చిన దూరపు మొహల్లాలవాళ్ళు. వాళ్ళకీ మా బస్తీలకీ నీళ్ళ కుళాయిల దగ్గర, పనుల దగ్గర పాత తగాదాలున్నాయి. భయ్యాజీ ముప్పావుగంట రోడ్లు, కుళాయిలు, ఇళ్ళ పట్టాల గురించి మాట్లాడాడు. చప్పట్లు పలచగా పడ్డాయి. దండం పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. జగ్గారావు వేలు అలవాటు ప్రకారం నిలువు మైకునీ కాలరు మైకునీ మూసేసింది.

శివశంకర్ మెట్ల కిందకి వంగి, “బావా, కాలరుది ముయ్యకు. పబ్లిక్ ఏదన్నా అడిగితే సెప్తారు,” అన్నాడు. జగ్గారావు తెరిచాడు.

పబ్లిక్ ఎవరూ ఏమీ అడగలేదు. భయ్యాజీ పక్క కుర్చీలో మనిషి వైపు కొంచెం వంగాడు. గడ్డం కిందకి దించాడు. హిందీలో, నవ్వుతూ అన్నాడు:

“నది ఒడ్డు వాళ్ళ సంగతా? మూడు తరాలుగా ఇక్కడి నీళ్ళు తాగుతున్నారు, ఇంకా మూటలు విప్పలేదు. స్టేషను ఎంత దూరమని? మన కుర్రాళ్ళు నలుగురు మూటలెత్తి పెడితే రెండో బండికే వెళ్ళిపోతారు.”

ప్రతి అక్షరం గేటు దాకా స్పష్టంగా వెళ్ళింది. ముందు వరసల్లో ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. వెనక ఎవరో ఈల వేశారు, నోటితో వేసిన ఈల. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముప్పావుగంటలో పడని చప్పట్లు. జగ్గారావు చెయ్యి మీట మీదకి పోయింది. శివశంకర్ చెయ్యి దాని మీద పడింది.

“ఉండనీ బావా.”

చప్పట్లు తగ్గాక భయ్యాజీ కాలరు వైపు చూసుకుని, అయ్యో అన్నట్టు కనుబొమలెత్తి, మైకు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక సింహాచలమ్మ తీగలు చుట్టలేదు. “నీ సేత్తోనే ఇనిపించినావు,” అంది. అతను అన్నం ముందు కూర్చుని, “గడ్డం దించినాడే,” అన్నాడు. “మైకు ఎక్కడుందో ఎరిగే దించినాడు.”

ఆ రోజు నుంచి పది రోజులపాటు టీవీల్లో అదే మాట. నోరు జారిందా, కావాలని అన్నాడా అని నలుగురు కూర్చుని వాదించేవారు. ఒకాయన అలిసిపోయి ఉంటాడనేవాడు. ఇంకొకాయన, తెలివైనవాడు ఎన్నికల ముందు ఓట్లు పోగొట్టుకుంటాడా, పొరపాటే అనేవాడు. మూడో ఆయన ఇది పక్కా లెక్క అనేవాడు. ప్రతి ఒక్కరూ తన వాదన మొదలుపెట్టే ముందు ఆ క్లిప్పు మళ్ళీ వేసేవారు. దాన్ని ఖండించేవాళ్ళ ఫోన్ల నుంచే అది మా ఫోన్లకీ వచ్చింది. మాంగో మైదానానికి వచ్చింది మూడు వేల మంది. ఆ మాట ఎంతమందికి చేరిందో ఎవరికీ తెలియదు.

“పాపా, యే గల్తీ సే నహీ హోతా,” అంది జగ్గారావు కూతురు యోగిత. ఆ పిల్ల కాలేజీలో చదువుతుంది. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తుంది. పొరపాటున జరిగేది కాదిది అని ఆమె అన్నదానికి అతను తల ఊపాడే గాని, మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని తాను చేసిన పరీక్ష గురించి చెప్పలేదు.

పైడితల్లి అప్పటికి ఇరవై ఏళ్ళుగా మాంగోలో బస్సులు ఆగే చోట బండి పెడుతోంది. పొద్దున్న ఇడ్లీ, బోండా. భర్త పోయాడు. ఒక్కతే కూతురు కల్యాణి, పెళ్ళై సోనారిలో ఉంటుంది. సభ అయిన నాలుగో రోజు ఎనిమిదింటికి నలుగురు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. బోండాలు తిన్నారు కూడా. తరవాత ఒకడు, “చాచీ, మూట కట్టు, స్టేషనులో దింపుతాం,” అన్నాడు. పైడితల్లి కూడా తక్కువది కాదు. “ముందు మీ అమ్మని దింపిరా, తరవాత నన్ను,” అంది హిందీలో. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పుడు ఇద్దరు బండిని ఒక పక్క పట్టుకుని ఎత్తారు. మూట ఎత్తుతున్నాం అని అరిచారు. ఎత్తింది పొయ్యి ఉన్న పక్క. మూకుడు అటు వాలింది. నూనె ఆమె కుడి భుజం మీదా, చేతి మీదా, పక్కటెముకల మీదా పడింది.

నలుగురిలో దొరికిన ఒక్కడు పోలీసు స్టేషనులో ఏడుస్తూ, సరదాకి చేశామన్నాడు.

ప్రభుత్వాసుపత్రిలో కాలినవాళ్ళ వార్డు నిండిపోయి ఉంది. పైడితల్లిని వరండాలో పడుకోబెట్టారు. జగ్గారావు రెండు రోజులు విసనకర్రతో ఈగలు తోలుతూ కూర్చున్నాడు. ఆమె స్పృహలోనే ఉంది. “బండి ఎవుళు సూత్తన్నారు?” అని అడుగుతూ ఉండేది. మూడో రోజు నుంచి జ్వరం పట్టుకుని అది కూడా అడగడం మానేసింది. పుండులో చీము పడితే ప్రమాదమని, వీలైతే పెద్దాసుపత్రికి మార్చమని డాక్టరు చెప్పాడు.

ఈలోపు మా బస్తీలవాళ్ళు ఎన్నికల ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. భయ్యాజీ జవాబు పేపర్లో వచ్చింది. అది పక్కవాడితో చనువుగా ఆడిన హాస్యం, మైకు మూసి ఉందనుకున్నాను, మైకువాడి అజాగ్రత్త వల్ల బయటికి వినిపించింది, ఎవరి మనసైనా నొప్పిస్తే విచారిస్తున్నాను. మైకువాడి అజాగ్రత్త అన్నమాట చదివి, ఇరవై నాలుగేళ్ళలో ఎవరూ అతన్ని ఆ మాట అనలేదని మా బస్తీలో ముసలివాళ్ళు సైతం అన్నారు. రెండు రోజుల్లో జగ్గారావుకి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి.

అందరికీ అర్థమైంది. అతను తెరిచి ఉంచమన్నారని చెప్తే అది పొరపాటు కాదు, కేసు నిలబడుతుంది. తానే మర్చిపోయానంటే నోరు జారడమే, ఒక క్షమాపణతో పోతుంది. టీవీలో నలుగురు తేల్చలేనిది మెట్ల కింద కూర్చునే మనిషి ఒక్క ముక్కతో తేల్చగలడు.

శనివారం పొద్దున్న శివశంకర్ ఇంటికొచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. సింహాచలమ్మ గుమ్మంలోనే నిలబడింది.

“రా అన్నా, రా. మా వొదినని వరండాలో సూసొచ్చినావా? ఈగలు బాగా ముసురుతన్నాయి. నువ్వు కూడా ఎళ్ళి ముసురు.”

“సెల్లీ, నన్ను తిట్టు. పడతాను,” అన్నాడు శివశంకర్. “కానీ ముందు బావతో మాటాడనీ.”

లోపలికొచ్చి నేల మీదే కూర్చున్నాడు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కాలినవాళ్ళకి అద్దాల గది ఉందనీ, భయ్యాజీ మాట చెప్తే ఈ సాయంత్రానికే అప్పని అక్కడికి మారుస్తారనీ, నయమయ్యేదాకా అన్నీ వాళ్ళే చూసుకుంటారనీ చెప్పాడు.

“కాగితంలో ఏటుంది?” అన్నాడు జగ్గారావు.

“కాలరు మైకు ముయ్యడం మర్చిపోనానని. అంతే. మనిషన్నాక మర్చిపోడా?”

“నువ్వు సెప్పినావు కదరా తెరమని.”

“సెప్పినాను.”

“ఆ మద్దేనం నాచేత కుర్చీలోంచి లెక్కెట్టించినావు కదా. గేటు కాడ చెయ్యెత్తింది నువ్వే కదా.”

శివశంకర్ కాగితం జగ్గారావు ముందు పెట్టాడు. “బావా, మనోళ్ళ ఓట్లు ఎన్ని? ఎనకున్నోళ్ళయి ఎన్ని? ఆ లెక్క వాళ్ళు ముందే ఏసుకున్నారు. నేను కాకపోతే ఇంకోడు వొంగి సెప్పేవోడు. ఇప్పుడు అయిపోయిందాని గురించి కాదు. అప్ప గురించి ఆలోసించు.”

“నువ్వూ ఒడ్డు మనిషివే కదరా. నీ మూట ఎవుడెత్తుతాడు?” అంది సింహాచలమ్మ గుమ్మంలోంచి.

యోగిత పుస్తకాలు పక్కన పడేసి వచ్చింది. “పాపా, సైన్ మత్ కరో. బువా కో పూఛో పహలే.” సంతకం పెట్టొద్దు, ముందు అత్తని అడుగు అని.

అప్పని అడగొచ్చు. జ్వరంలో ఉన్నా, చెవి దగ్గర చెప్తే ఆమెకి అర్థమవుతుంది. అడిగితే ఏం చెప్తుందో జగ్గారావుకి తెలుసు. అందుకే అడగలేదు. కల్యాణికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల, “మావయ్యా, మా అమ్మ బతకాల. నాకింకేటీ తెల్దు,” అని ఏడ్చింది. జగ్గారావు కాగితం మోకాలి మీద పెట్టుకుని హిందీలో పొడుగ్గా సంతకం చేశాడు.

ఆ సాయంత్రమే అంబులెన్సు వచ్చింది. శివశంకర్ ఆ మాట మాత్రం తప్పలేదు.

సోమవారం ఆఫీసులో ఉన్న అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితం చదివి పక్కన పెట్టి, ఇన్నేళ్ళలో ఇంతకు ముందెప్పుడైనా మైకు మర్చిపోయారా అని అడిగాడు. లేదన్నాడు జగ్గారావు. ఆ రోజే ఎందుకు మర్చిపోయారు? తెలీదన్నాడు. అధికారి కలం కింద పెట్టి, “తెరిచి ఉంచమని మీకెవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పండి. నేను రాసుకుంటాను,” అన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. అద్దాల గదిలో అప్పకి సెలైను ఎక్కుతూ ఉంటుంది.

“ఎవరూ చెప్పలేదు సార్.”

పోలింగుకి ఇంకా పదకొండు రోజులుంది. భయ్యాజీ క్షమాపణ సభలు మొదలుపెట్టాడు. మొదటి సభకి మైకు సెట్టు వేరేవాళ్ళది. జగ్గారావుని మాత్రం పిలిపించి, వేదిక మీద భయ్యాజీ పక్కన నిలబెట్టారు. అతను వేదికని కింద నుంచి తప్ప ఎప్పుడూ చూడలేదు. పై నుంచి జనం మొహాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపించాయట.

“ఇదిగో, ఈ తెలుగు అన్న,” అన్నాడు భయ్యాజీ, భుజం మీద చెయ్యి వేసి. “పాపం, మైకు మూయడం మర్చిపోయాడు. పేదవాడు. నేను ఇతన్ని క్షమించాను. మీరూ క్షమించండి.” జనం నవ్వారు. “ఇంతకీ నేను ఏమన్నాను? వాళ్ళు మూటలు విప్పలేదన్నాను. స్టేషను ఎంత దూరం అన్నాను. మన కుర్రాళ్ళు నలుగురు చాలన్నాను. ఇలాంటి మాట అనొచ్చా? అనకూడదు. అన్నందుకు చేతులు జోడించి క్షమాపణ అడుగుతున్నాను.”

ఒక్కొక్క ముక్క తరవాత ఆగాడు. ఆగిన ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి. చేతులు జోడించినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పడ్డాయి. అప్పుడు కూడా గడ్డం మైకుకి దగ్గరగానే ఉంది.

ఆ క్షమాపణ తొమ్మిది చోట్ల చెప్పాడు. రెండో సభకి జగ్గారావు వెళ్ళలేదు. పోలింగుకి నాలుగు రోజుల ముందు అతను ఎన్నికల ఆఫీసుకి వెళ్ళి ఆ చిన్న అధికారిని వెతికాడు. చెప్పాల్సింది మొత్తం చెప్పాడు. కుర్చీ, గేటు, ఎత్తిన చెయ్యి, అన్నీ. ఆయన చివరిదాకా విన్నాడు. “మీరు రెండు రకాలుగా చెప్పారు. ఇప్పుడు రెండోది రాసుకుంటే, మొదటిది అబద్ధమని కేసు మీ మీద పడుతుంది. వాళ్ళ వకీలు మీరు ఎదుటి పార్టీకి అమ్ముడుపోయారంటాడు. రాయమంటే రాస్తాను,” అన్నాడు. జగ్గారావు రాయమన్నాడు. ఆయన రాసుకున్నాడు. ఆ కాగితం మీద ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. మొదటి వాంగ్మూలంతో ఫిర్యాదు అప్పటికే మూసేశారు.

భయ్యాజీ గెలిచాడు.

పైడితల్లికి నయమవడానికి డెబ్భై రోజులు పట్టింది. తొడ నుంచి చర్మం తీసి భుజానికి వేశారు. కుడి చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపడం కుదరలేదు. ఆ డెబ్భై రోజులూ ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. తమ్ముడు రోజూ రావడం, తినిపించడం, తల దువ్వడం. ఇంత పెద్ద ఆసుపత్రికి ఎలా వచ్చామని అడిగితే శివశంకర్ సాయం చేశాడనేవాడు.

ఇంటికి పంపే రోజు ముందు, పక్క మంచం ఆమెని చూడ్డానికి వచ్చిన గోల్‌మురి పేట మనిషి జగ్గారావుని గుర్తుపట్టాడు. “మైకు మర్చిపోయినాయన కదా మీరు? భయ్యాజీ పక్కన చూశాను,” అన్నాడు ఆప్యాయంగానే. పైడితల్లి అతన్ని కూర్చోబెట్టి మొత్తం అడిగింది. అతనికి తెలిసింది అతను చెప్పాడు. అతను వెళ్ళాక తమ్ముడి వైపు తిరిగింది.

“నువ్వు మైకు మర్చిపోనావా?”

“లేదప్పా.”

“మరేటి?”

జగ్గారావు చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. అధికారి అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచింది.

“గదిలో ఎవుళూ లేరా?”

“లేరు.”

“నూనె నా మీద కదరా పడింది. నీ నోటికేటయింది?”

“నువ్వు సచ్చిపోతావనుకున్నానప్పా.”

“సచ్చిపోతే సచ్చిపోదును. నన్ను అడిగినావా?” అంది. “ఆళ్ళు సరదాకి ఎత్తినారట. ఆడు నోరు జారినాడట. నువ్వు మర్చిపోనావట. ఇంక నేనే కదా బోండాలేసుకుని తప్పు సేసినదాన్ని.”

జగ్గారావు దువ్వెన తీసుకున్నాడు. ఆమె తల పక్కకి తిప్పేసుకుంది. మరునాడు కల్యాణి వచ్చి తల్లిని ఆటోలో సోనారి తీసుకెళ్ళింది.

ఆ తరవాత జగ్గారావు సెట్టు బయటికి తీసింది నాలుగైదుసార్లే. పార్టీలవాళ్ళు పిలవలేదు. మైకు తెరిచి వదిలేస్తాడన్న పేరు ఊళ్ళో నిలిచిపోయింది. మా వాళ్ళ పెళ్ళిళ్ళకి పిలవకపోవడానికి కారణం వేరు, ఆ కాగితం మీద సంతకం. అది ఎవరూ అతని మొహం మీద అనలేదు. సెట్టు ఇంకా ఇంట్లోనే, దుప్పటి కింద ఉంది.

జగ్గారావుకి ఇప్పుడు యాభై మూడేళ్ళు. ఆదిత్యపూర్‌లో ఒక ప్యాకింగ్ షెడ్డులో పగటి డ్యూటీ చేస్తాడు. ఆదివారం సోనారి వెళ్ళి కల్యాణి ఇంటి వసారాలో గంటసేపు కూర్చుని వస్తాడు. కల్యాణి టీ ఇస్తుంది. పైడితల్లి లోపలి గదిలో ఉంటుంది, బయటికి రాదు.